సాంచల చప్పుడుల మాట్లాడిన మామ

మా మామ పోయిండు. రెండు వారాల కింద బేస్తారం పొద్దుగాల సాంచలు నడిపిద్దామని షెడ్డులకు పోయినాయన, బటన్ ఒత్తకముందే గోడకు ఒరిగి కూసున్నడు. ఇగ లేవలే. రోజూ వినవడే చప్పుడు వినవడకపోయేసరికి ఏందని పోయి చూసిన. "మామా" అని గట్టిగ పిలిచిన. పెండ్లయి గీ ఇంటికొచ్చినంక ఆయనను నేను నోరిప్పి పిలుసుడు గదే మొదలు.

మాది సిరిసిల్ల దిక్కు నేతోళ్ల ఇల్లు. ముందట రెండర్రలు, ఎనుక రేకుల షెడ్డు. అండ్ల సాంచలు, అంటే కరెంటు మీద నడిచే మగ్గాలు. నేను లక్సెట్టిపేట పిల్లను. డిగ్రీ నడుమల ఆపిచ్చి నన్ను ఈడికిచ్చిండ్రు. అత్త అప్పటికే లేదు. మా ఆయన ఆటో తీస్కొని పొద్దుగాలనే పోతడు. ఇగ పొద్దంత ఇంట్ల మిగిలేది మామ, నేను. ఆయన సాంచల కాడ, నేను పక్కకే కూసోని కండెలకు నూలు చుట్టుకుంట.

మా ఇండ్లల్ల కోడలు మామ ముందట నిలవడి మాట్లాడదు. కొంగు సర్దుకోని పక్కకు తప్పుకోవాలె, అంతే. గని సాంచలు నడుస్తుంటే చెవుల నోరువెట్టి ఒర్లినా వినరాదు. అందుకే నేతోళ్లు చేతులతోని మాట్లాడుతరు. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, చాయ్ కావాలంటే ఇంకొకటి. నోటితోని మాట్లాడొద్దన్నరు గని, చేతులతోని వద్దని ఎవ్వలన్నరు? మా ఇద్దరి దోస్తానా గట్ల షురువైంది. కరెంటు పోయిందంటే మాత్రం ఇద్దరం మూగోళ్లమే. అప్పుడు మామ నాకేమన్న చెప్పాలంటే గోడకు చెప్పేటోడు. "ఇయ్యాల అన్నం జర మెత్తగైంది" అని గోడతోని అనేటోడు. గోడ ఏం జేస్తది పాపం!

ఆయన ఫోను సాంచ కమ్మికి రబ్బరుతోని కట్టి ఉండేది. ఒక కన్ను పోగుల మీద, ఒక కన్ను దాని మీద. పెద్ద హీరోల సినిమాలు, పెద్దోళ్ల పాటలు ఆయనకు పట్టకపోయేది. లక్షలమంది చూసింది కనవడితే వేలితోని మీదికి నూకేటోడు. "గాళ్లకు మస్తుమంది ఉన్నరు, మనమెందుకు?" అని చెయ్యి ఊపేటోడు. ఎవ్వలు చూడంది ఏడుందో ఎతుకుతుండె. జైనూర్ దిక్కు గుట్టల్ల కొంతమంది పోరగాళ్లు పైపు ముక్కలు, పాత సైకిల్ చువ్వలతోని కొత్త పాటలు కడుతరు. వాళ్లను గట్లనే వట్టుకున్నడు. ఆదిలాబాద్‌ల పత్తి మిల్లుల పనిచేసే ఒక పొల్ల తన ఫోన్లనే చిన్న సినిమా తీసింది. మాట లేదు, మొకం లేదు, ఎండల ఎగిరే దూది, ఆఖరుకు మరాఠీల రాసిన రెండు ముక్కలు. గది చూసుకుంట మామ సాంచ ఆపిండు. పోగు తెగకుంటనే ఆయన సాంచ ఆపుడు నేనెన్నడు చూడలే.

నచ్చితే బొటనవేలు, చూపుడువేలు నడుమ బట్టను నలిపి చూసినట్టు చేసేటోడు. నచ్చకుంటే మీదవడ్డ నూగు దులుపుకునేటోడు. వాటి కింద కామెంట్లు రాసేది నేనే. ఆయన చేతులతోని చెప్పాలె, నేను ఫోన్ల కొట్టాలె. ఉత్తగ "మంచిగుంది" అని రాస్తే ఒప్పుకోకపోయేటోడు. ఏడ మంచిగుందో రాయమనేటోడు. ఒకసారి కరెంటు లేనప్పుడు గోడకు చెప్పిండు గూడ: "మంచిగుందని అందరంటరు. చూసినోడు ఏడ ఆగిండో చెప్తేనే, చేసినోనికి వీడు నిజంగ చూసిండని తెలుస్తది."

ఇంత చెప్తున్న గని, ఆయన తీర్పులన్నీ సరైనయేమో అనుకునేరు. షెడ్డుల చప్పుడుకు ఏం వినరాదు గద! పాటలను గూడ కండ్లతోనే చూసేటోడు. ఒక పిలగాడు కండ్లు మూసుకోని, మెడ నరాలు ఉబ్బంగ పాడుతుండు. మామ వారం దినాలు గదే చూపిచ్చిండు. గుండెను పిండుతుండని ఛాతి మీద చెయ్యి వెట్టుకోని చెప్పిండు. ఒకనాడు పగటీలి కరెంటు పోయింది. సాంచలు ఆగినయి. ఫోను ఒక్కటే మోగుతుంది. ఏముంది, మిక్సీలు, కుక్కర్లు ఇంటికొచ్చి బాగుజేస్తమని పాడుతుండు వాడు! నేను కొంగు నోట్ల కుక్కుకున్న. మామ ముందట నవ్వరాదు, ఆపుకుందామంటే ఆగుతలేదు. మామ గోడ దిక్కు తిరిగి, "గొంతయితే మంచిగనే ఉంది" అన్నడు.

నవ్వులు గట్లుండంగ, ఆయనకు ఆ షెడ్డే లోకం. సాంచ ఎనుక తిరిగే బీము మీద నూలున్నంతసేపు సాంచ మనిషిని ఇడువది. ఒక బీము అయిపోకముందే ఇంకొకటి వస్తది. గా జైనూర్ పోరగాళ్లు ఒకసారి కరీంనగర్‌ల పాడుతున్నమని, మీరు రావాలె తాతా అని మామకే రాసిండ్రు. ఆయన తెల్లంగి తీసి ఇస్త్రీ చేపిచ్చుకున్నడు. ఆ ఐతారమే బట్ట అప్పజెప్పాలని నూలిచ్చే సేటు కబురువెట్టిండు. అంగి దండెం మీదనే ఉంది, మామ సాంచల నడుమనే ఉన్నడు. బస్సెక్కితే గంటన్నర తొవ్వ. వాళ్లు గుట్టలు దిగి మా దిక్కొచ్చిండ్రు, మేము ఇల్లు దాటలేకపోతిమి. నా సంగతి అడగనే వద్దు. పోతనంటే "వంటెవ్వలు చేస్తరు?" అంటడు మా ఆయన. కొన్నిసార్లు ఆ రేకుల కింద ఊపిరాడనట్టయ్యేది నాకు.

గా పత్తి మిల్లు పొల్లను చూసి నాకు గూడ పురుగు తొలిచింది. కండెలు చుట్టుకుంట చుట్టుకుంట మామ చేతులను ఫోన్ల తీసుడు షురువు జేసిన. పోగు ముడేసే చేతులు, చాయ్ అడిగే చేతులు, కోపానికొచ్చిన చేతులు, పాటను మెచ్చుకునే చేతులు. అన్ని కలిపి చిన్న సినిమా చేసిన. నా జన్మల నేను పూర్తిగ చేసిన పని గదొక్కటే. డిగ్రీ నడుమల పోయింది, ఇది పోవద్దనుకున్న. నా పేరు మీద నలుగురికి చూపియ్యాలనుకున్న.

మా ఆయనకు చెప్తే ఇంతెత్తున లేచిండు. "ఇంటి మనిషిని ఫోన్ల వెడ్తవా? మా బాపును చూసి ఊరంత నవ్వాల్నా?" అన్నడు.

"నవ్వేటట్టు ఏమున్నదండ్ల? జర చూసి మాట్లాడు."

"నేను చూడ. బాపు చెప్తే అప్పుడు చూద్దం."

ఇగ నా బతుకంత మామ నోట్లనుంచి వచ్చే ఒక్క మాట మీద నిలవడ్డది. షెడ్డుల, కొడుకుకు చెప్పుమని సైగతోని అడిగితే "చెప్త, ఫికర్ జెయ్యకు" అని చెయ్యి ఊపేటోడు. తండ్రీకొడుకులు తినేటప్పుడు నేను వంటర్ర తలుపు ఎనుక నిలవడి వినేదాన్ని. మామ గోడను చూసుకుంట "పచ్చిపులుసు మంచిగుంది" అనేటోడు, చెయ్యి కడుక్కునేటోడు, లేచిపోయేటోడు. ఆయన కొడుకుతోని గూడ గంతే, అక్కరకు మించి ఒక్క ముక్క మాట్లాడడు. జీవితమంత చప్పుడుల బతికిన మనిషికి చప్పుడు లేనికాడ మాట రాకపోయేది. నాకు కోపమొచ్చింది. అవును, మామ మీదనే. మంది చేసినయన్నీ ఏరి ఏరి చూస్తవు, నీ ఇంట్ల పిల్ల చేసిందానికి ఒక్క మాట అడ్డమెయ్యవా అని లోపల లోపల మస్తు కొట్లాడిన.

మామ పోయేటానికి కొన్ని దినాల ముందు, సాంచలు నడుస్తుండంగ, తనను ఫోన్ల తియ్యమని సైగ చేసిండు. తీసిన. ఎన్నడు చేతులే తియ్యనిచ్చే మనిషి, నిటారుగ నిలవడి సక్కగ ఫోను దిక్కు చూసిండు. ముందుగాల ఫోనుకు వేలు చూపిచ్చిండు. తర్వాత రెండు వేళ్లతోని కత్తెర ఆడిచ్చి, అరచెయ్యి తెరిచి దర్వాజ దిక్కు ఇసిరిండు. బట్ట పూర్తయినప్పుడు మా షెడ్డుల చేసే సైగ అది. కోసి పంపియ్యుమని. నాకెందుకు చెప్తున్నవు మామా, నీ కొడుకుకు చెప్పు అనుకున్న. అయినా దాన్ని తీస్కపోయి సినిమా ఆఖర్ల కలిపిన.

మామ దినాలైనంక బీము మీద నూలు సగం అట్లనే ఉంది. సేటు ఊకుంటడా? మా ఆయన ఆటో పక్కకు వెట్టి తండ్రి సాంచల కాడ నిలవడ్డడు. చిన్నప్పుడు కోసిన బట్టను భుజానేస్కోని సేటు ఇంటికి మోసినోడే, గని పని మర్చిపోయిండు. పరేషాన్ అయితుండు. నిన్న, సాంచలు నడుస్తుండంగనే నా దిక్కు వచ్చి, పటం కట్టిద్దామంటే బాపుది మంచి ఫోటో లేదని ఒర్లిండు. పెదవులను చూసి అర్థం జేస్కున్న. నా దగ్గరున్నది ఒక్కటే. సినిమా వెట్టి ఫోను చేతికిచ్చిన.

నిలవడి చూసిండు. పోగు తెగింది, పట్టించుకోలే. నడుమల సైగలేవీ ఆయనకు యాదికి లేవు, నా దిక్కు గూడ చూడలే. ఆఖర్ల మామ మొకం వచ్చింది. కత్తెర ఆడింది, చెయ్యి తెరుసుకుంది. వెనక్కి జరిపి మళ్ల చూసిండు. ఇంకోసారి చూసిండు. ఎన్ని మర్చిపోయినా గా ఒక్క సైగ ఆయన మర్చిపోలే. అప్పుడు తెల్సింది నాకు, మామ నాకు చెప్పలే. నోరు రాని మనిషి కొడుకుకు చెప్పనీకె గీ తొవ్వ వట్టిండు.

మా ఆయన కండ్లు తుడుసుకోని ఫోను నా చేతుల వెట్టిండు. ఏదో అన్నడు. సాంచల చప్పుడుల వినవడలే. వినవడలేదని తల ఊపిన. గప్పుడు, అలవాటు లేని వేళ్లతోని, ఆగుకుంట ఆగుకుంట కత్తెర ఆడిచ్చి, చెయ్యి తెరిచి దర్వాజ దిక్కు ఇసిరిండు.