పందొమ్మిది కిలోమీటర్ల మైలేజీ

ఈ మధ్య నా పాత మినీ లారీ లీటరుకు పందొమ్మిది కిలోమీటర్లు ఇచ్చింది. నవ్వకండప్పా, నిజం! కొత్తలో కూడా పది దాటని బండి అది. ఎట్లా ఇచ్చిందో చెప్తా, మీరు టీ తాగుతూ వినండి.

దీనికంతా మూలం కుప్పంలో ఉండే మా షడ్డకుడు. ఆయనదీ పాత బండే. ఫోన్ చేస్తే చాలు, మైలేజీ పురాణం విప్పుతాడు. "అనా, ముందర రేడియేటర్ జాలీలో గాలి దూరి బండిని ఎనక్కి తోస్తాండాది. జాలీ మూసి సూడు, మైలేజీ యాడికో పోతాది!" అన్నాడు. నాకు సైన్సంటే గౌరవం జాస్తి, తెలిసింది తక్కువ. ఆ సాయంత్రమే టీవీ అట్టపెట్టె కోసి, జాలీ వెనక పెట్టి, బైండింగ్ వైరుతో బిగించేశా. బంపరు కింద పాత ట్యూబు రబ్బరు వేలాడగట్టా. టైర్లలో నాలుగు పాయింట్లు గాలి ఎక్కువ కొట్టించా.

పుంగనూరులో మా మెకానిక్ మస్తాన్ భాయి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రేడియేటర్ ముక్కు మూసినావు కదప్పా, అది ఊపిరి యాడ తీసుకుంటాది?"

"మైలేజీ భాయ్, మైలేజీ!"

"అరె, టెంపరేచర్ ముల్లన్నా బాగు చేయించుకో."

ఆ ముల్లు మూడేళ్లుగా ఒకే చోట నిలబడి ఉంది. అది కదలకపోతే ఇంజను చల్లగా ఉన్నట్టే అని నా లెక్క.

ఇంక రత్నమ్మక్క సంగతి. పుంగనూరు పక్క పల్లెలో రెండెకరాల టమోటా పెట్టింది. వాళ్లకు ట్రాక్టర్ ఉంది గానీ ట్రాలీ ఇరుసు విరిగి రిపేరులో ఉంది. మొదటి కోత ఎవరి బండికి వేయాలా అని చూస్తుంటే నేను దూరా. "అక్కా, నా బండి డీజిల్ తక్కువ తాగుతాది, బాడుగ తగ్గించి తోలతా" అన్నా. ఆమె ఒకటే మాట చెప్పింది: "మదనపల్లె మార్కెట్లో వేలంపాటకు టయానికి చేర్చప్పా. చేరిస్తే సీజనంతా లోడు నీకే."

పొద్దున్నే ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, క్రేట్లు ఎక్కించుకుని బయల్దేరాం. ఆమె నా పక్కన కూర్చుంది. దారంతా గాలి గురించి పాఠం చెప్పా. పాపం, వినింది. పుంగనూరు దాటి ఎత్తు ఎక్కుతుంటే అడిగింది.

"ఏందప్పా, రసం కాగిన వాసన వస్తాండాది?"

"టమోటాలు కదక్కా, ఎండకు మాగుతాంటాయి."

ఇంత తెలివైన మాట నేను ఎప్పుడూ అనలేదు. రెండు నిమిషాల్లో బుస్సుమని ఆవిరి! ముందర రోడ్డు కనబడలేదు. బ్రేకు తొక్కి పక్కకు ఆపా. పోతున్న బస్సులోంచి ఎవరో అరిచారు, "ఇడ్లీ పెట్టినావా అన్నా, మాకు రెండు!"

రేడియేటర్ హోస్, అదే నీళ్ల పైపు, పగిలింది. మస్తాన్ భాయికి ఫోన్ చేశా. సంగతి విని ఒకటే అడిగాడు.

"అట్ట తీసినావా?"

"ఇప్పుడు తీస్తాండా భాయ్."

"స్టార్ట్ మాత్రం చేయొద్దు. ఇంజను పట్టేస్తాది."

రత్నమ్మక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఒకసారి క్రేట్ల వైపు చూసింది, ఒకసారి టైము చూసుకుంది. నాకు నిజంగా భయమేసింది. పాట ముగిశాక చేరితే ఆ కాయను అడిగే దిక్కుండదు. నా సీజను పోతే పోనీ, మూడు నెలలు నీళ్లు కట్టిన ఆమె కోత పోతే ఆ పాపం ఎవరిది?

ఆమె మొగుడికి ఫోన్ చేసింది. అరగంటలో ఆయన ట్రాక్టర్ తెచ్చాడు. గొలుసు తగిలించి లాగడం మొదలుపెట్టాడు. మదనపల్లె దాకా అంతే. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నా. చేసే పనేమీ లేక అప్పుడప్పుడూ హారన్ కొట్టా.

చివరి వరుస పాట జరుగుతుంటే చేరాం. దేవుడి దయ, కాయకు మంచి రేటే పలికింది. ఆయన ట్రాక్టర్ తీసుకుని ముందే వెళ్లిపోయాడు. నేను అక్కడే కొత్త హోస్ వేయించి, అక్కను ఎక్కించుకుని బంకులో ఆపా. ట్యాంకు మళ్లీ నిండా కొట్టిస్తే రెండే లీటర్లు పట్టింది! మీటరు చూశా. పొద్దున ట్యాంకు నింపినప్పటి నుంచి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు! రెండుతో భాగించా. అక్కడికక్కడే కుప్పానికి ఫోన్ కొట్టి, "షడ్డకా, పందొమ్మిది!" అని అరిచా. బంకులో జనం తిరిగి చూశారు.

ఆ ఊపులోనే, "అక్కా, రేపు లోడుకు ఎన్ని గంటలకు రమ్మంటావు?" అని అడిగా.

రత్నమ్మక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని నిదానంగా అనింది. "చక్రాలు తిరిగితే మీటరు తిరగదా అప్పా? ముప్పావు దారి లాగింది మా ట్రాక్టరే. నా టమోటాలు మోసేది కాక, నీ బండిని కూడా దినామూ ఎందుకు లాగల్ల?"

నాలుగు రోజులైంది. బండి ఇంటి ముందరే ఉంది. చుక్క డీజిల్ ఖర్చు కాలేదు.