మంగళం మధ్యలో రెండు వేళ్లు

రాజన్నా, నా దేవుడా, గొంతు ఇచ్చింది నువ్వే, చెవి ఇచ్చింది నువ్వే. ఒకటి ఉంచావు, ఒకటి తీసుకున్నావు. రెండింటికీ నీకు దండం. ముందు నీ పేరు, తర్వాతే నా మాట.

బతుకుదెరువుకు ఊరు విడిచి వచ్చిన ఈ డిండోలిలో మేం ఐదుగురం భజన మండలిగా మొదలయ్యాం. అందరం సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లమే. నేను చిరుతల చెక్కలు పట్టి తాళం వేస్తూ పాడేవాణ్ని. నా బామ్మర్ది డోలక్ వాయించేవాడు. ఊళ్లో పురాణం చెప్పే మా నాయన నాకు నేర్పిన నియమం ఒకటుంది: మంగళం ఎత్తుకున్నాక హారతి అయ్యేదాకా ఆపకూడదు, కళ్లు తెరవకూడదు.

తర్వాత కీబోర్డు, డ్రమ్స్ వచ్చాయి. బామ్మర్ది డోలక్ వదిలి గిటార్ పట్టాడు. డ్రమ్స్ కొట్టేవాడు సాంచా చప్పుడునే తాళంగా కొట్టేవాడు కాబట్టి మా జనానికి అది ఒంట్లోకి వెంటనే ఎక్కేది. అతను పల్సానాలో నీటి జెట్టు మగ్గాల మీదికి మారాక డ్రమ్స్ కూడా ఆ మగ్గాల్లాగే సందు లేకుండా ఉరకడం మొదలుపెట్టాయి. బార్డోలీ దాకా పిలుపులొచ్చాయి. పిల్లలు మమ్మల్ని రాక్ బ్యాండ్ అన్నారు. నేను మాత్రం మండలి అనేవాణ్ని. ఎంత మారినా చివర నా మంగళం ఉండేది.

సాంచాల దగ్గర మాట వినపడదు, చేతులే మాట్లాడతాయి. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది, సాంచా ఆపమని. స్పీకర్ల మోతలో స్టేజీ మీదా మాకు అవే సైగలు.

బార్డోలీలో ఒక సాయంత్రం నేను కళ్లు మూసుకుని మంగళం పాడుతున్నాను. కాళ్ల కింద చెక్కలు అదురుతున్నాయి. డ్రమ్స్ నాతోనే ఉన్నాయనుకున్నాను. పాట ముగించి కళ్లు తెరిస్తే డ్రమ్స్ పుల్లలు కొట్టేవాడి ఒళ్లో ఉన్నాయి. చెక్కల్ని అదరగొట్టింది స్టేజీ వెనక జనరేటరు.

బామ్మర్ది నా చెవి దగ్గర అరిచాడు: "బావా, శ్రుతి తప్పినవ్. ఆపుమని సైగ జేసిన, అందరు ఆపిన్రు. నువ్వొక్కనివే పాడ్తనే ఉన్నవ్!"

"దేవుని ముంగట కండ్లు తెర్వరురా. గా సైగ సాంచా కాడ నడుస్తది."

"అయితే దేవుడే నీకు జర శ్రుతి జెప్పాలె," అని నవ్వాడు. "కానీ జనం సూడు, ఫిదా అయిన్రు."

నిజమే, జనం చేతులు జోడించి నిలబడ్డారు. అప్పటి నుంచి చివర్లో వాద్యాలన్నీ ఆగడం, నేనొక్కణ్నే పాడడం మా బ్యాండ్‌కు గుర్తుగా మారింది. కానీ సాంచాల మోతకు అప్పటికే మందగించిన నా చెవులు ఇంకా తగ్గాయి. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక రెండుసార్లు ఆలస్యమయ్యాను. బామ్మర్ది ఒకరోజు తన గదిలో నా చేత మంగళం పాడించి రికార్డు చేసుకున్నాడు. తర్వాత నా మొహం చూడకుండా, నాకు వినపడేంత గట్టిగా చెప్పాడు: "ఇగ నువ్వు రాకున్నా నడుస్తది బావా."

సరే అన్నాను. బాధ వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

ఈసారి గణపతి మంటపం దగ్గర, జనంలో నా భార్య పక్కన నిలబడి వాళ్లను చూశాను. డ్రమ్స్ ఆగాయి. బామ్మర్ది నా రికార్డు ఉన్న మిషన్‌ను వేలితో నొక్కాడు. స్పీకర్ అదురు నా ఛాతీకి తగిలింది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నా చెయ్యి దానంతట అదే లేచి రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. బామ్మర్ది చూశాడు. అతని వేలు మిషన్ మీదే ఉంది. మంగళం మధ్యలో ఉంది, ఆపకూడదు. నేనే చెయ్యి దించాను.

నా భార్య ఆ చెయ్యి పట్టుకుని అరచేతిలో తాళం వేసింది. ఆ తాళం మీద పెదవులు కదిపాను. నా గొంతుతో నేను కలిశానో లేదో నాకు తెలియదు. హారతి అయింది.

చదువుతున్నవాళ్లారా, నా చెవులు తిరిగిరావాలని దేవుణ్ని అడగమనను. మీకు వచ్చిన మంగళం ఏదైనా సరే, నాతో కలిసి ఒక్క చరణం ఇప్పుడు పాడండి. కళ్లు తెరిచి పాడినా రాజన్న వింటాడు.