బంతులు విసిరే ఖాదర్ భాయ్ గురించి, ఆలస్యంగా

నిన్న పొద్దున హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగినప్పుడు ఫోన్ చూశాను.

"ఖాదర్ ఇక లేడు" అని మా క్రికెట్ గ్రూప్‌లో మెసేజ్.

మా గ్రూప్‌లో ఇద్దరు ఖాదర్‌లు ఉన్నారు. ఆ ఇంకో ఖాదర్ అయ్యుండాలని ఒక్క క్షణం కోరుకున్నాను. కోరుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

తర్వాత ఫొటో పెట్టారు. మన ఖాదర్ భాయే.

గ్రౌండ్‌లో ప్రాక్టీస్ ఇస్తూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడట. హాస్పిటల్‌కి చేర్చేలోపే అయిపోయింది.

మీలో చాలామందికి అతనెవరో తెలియదు. టీవీలో చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. మ్యాచ్‌కి ముందు నెట్స్‌లో బ్యాటర్లకి బంతులు విసిరే మనిషి. చేతిలో పొడవాటి ప్లాస్టిక్ కర్ర, చివర గరిటెలాంటి గుంట. అందులో బంతి పెట్టి విసిరితే ఫాస్ట్ బౌలర్ వేసినంత స్పీడ్‌గా వస్తుంది.

రోజుకి కొన్ని వందల బంతులు.

విజయవాడ వన్ టౌన్‌లో పుట్టి పెరిగాడు. బౌలర్ అవుదామనుకున్నాడు, కాలేదు. ఆ కర్ర పట్టుకునే గల్ఫ్, ఆఫ్రికా, కరీబియన్ దీవులు తిరిగాడు. ఎక్కడ లీగ్ పెడితే అక్కడికి.

భుజం అరిగిపోయింది. కొన్ని రోజులు ముద్ద నోటిదాకా లేచేది కాదు. ఎడం చేత్తో స్పూన్ పట్టుకుని తినేవాడు.

"ఎవరికీ చెప్పకురా శీనూ, ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు" అనేవాడు.

నేను ఉయ్యూరు వాణ్ణి, బ్యాటర్‌ని. అతను నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాకు వచ్చిన ఆటలో సగం అతని చలవే.

అయినా అతని విషయంలో నేను చేసినదొకటి ఉంది. ఇవాళ చెప్పెయ్యాలి.

కొన్నేళ్ళ కిందట విదేశంలో ఒక చిన్న లీగ్‌కి వెళ్ళాం, ఇద్దరం ఒకే టీమ్. దేశం పేరు ఎందుకులెండి. నన్ను వేలంలో కొన్నారు. మూడు విడతలుగా డబ్బిస్తామని కాంట్రాక్ట్. ఖాదర్ భాయ్‌కి కాంట్రాక్ట్ లేదు. రోజుకింత ఇస్తామని ఫోన్‌లో ఒక మెసేజ్, అంతే.

మొదటి విడత వచ్చింది. రెండోది రాలేదు. ఓనర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

ప్లేయర్లందరం హోటల్ రూమ్‌లో మీటింగ్ పెట్టుకున్నాం. ఆరు దేశాల వాళ్ళం. డబ్బు పడేదాకా మ్యాచ్‌కి వెళ్ళకూడదని తీర్మానం.

ఖాదర్ భాయ్ కారిడార్‌లో నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్తూ చూశాను. పిలవలేదు. ఇది ప్లేయర్ల విషయం కదా అనుకున్నాను.

తలుపేసింది నేనే.

మర్నాడు ఓనర్ ఆ ఊరి క్లబ్ కుర్రాళ్ళని పదకొండు మందిని పోగేసి, మా జెర్సీలు తొడిగి దింపాడు. మేం లాబీలో టీవీ ముందు కూర్చున్నాం. మ్యాచ్ మొదలవ్వకముందే కనిపించాడు. ఆ కుర్రాళ్ళకి బంతులు విసురుతూ ఖాదర్ భాయ్.

"అమ్ముడుపోయాడు" అన్నారెవరో ఇంగ్లీషులో. నేను తెలుగులో అదే అనుకున్నాను.

వేలంలో అమ్ముడుపోయి అక్కడికి వెళ్ళిన వాళ్ళం మేము.

తర్వాత ప్లేయర్ల సంఘం పోరాడితే మాకు సగం డబ్బు వచ్చింది. ఖాదర్ భాయ్ ప్లేయర్ కాదుగా, అతనికి రావాల్సింది రాలేదు. పైగా అతన్ని తీసుకోవద్దని మావాళ్ళు కొందరు వేరే టీమ్‌లకి చెప్పారు. నేను అడ్డుచెప్పలేదు. రెండేళ్ళు ఫోన్ కూడా చెయ్యలేదు.

ఆ తర్వాత నన్నూ ఎవరూ కొనలేదు. ఇంటికొచ్చేశాను. ఒకరోజు విజయవాడలో ఒక అకాడమీ నెట్స్ దగ్గర ఎదురుపడ్డాడు.

అడిగేశాను. "ఆ రోజు ఎందుకెళ్ళావు భాయ్?"

"ఆ కుర్రాళ్ళని చూశావా నువ్వు? ఒక్కడు కూడా అంత స్పీడ్ ఆడినోడు కాదు. అవతల ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు. తలకి తగిలితే ఎవడ్రా దిక్కు? పొద్దున్నుంచీ ఒకటే నేర్పా. బంతి పైకి లేస్తే బ్యాట్ పెట్టొద్దు, వంగిపోండి అని. ఓడిపోయారనుకో. కానీ ఒక్కడికీ దెబ్బ తగల్లా."

"ఓనర్ డబ్బులిచ్చాడా?"

"ఆ ఒక్క రోజుకీ ఇచ్చాడు. తీసుకున్నా. మా అమ్మాయి కాలేజీ ఫీజు ఎవరు కడతారు?"

"మాతో ఒక మాట చెప్పొచ్చుగా భాయ్."

"ఎక్కడ చెప్పేది? తలుపేసుకున్నారుగా."

కోపంగా అనలేదు. బంతులు ఏరుకుంటూ అన్నాడు.

నాకొచ్చిన దాంట్లో కొంత ఇవ్వబోతే వద్దన్నాడు. "ఆ రోజు నన్ను కూడా రమ్మనుంటే బాగుండేదిరా" అన్నాడు, అంతే.

పోయిన సీజన్‌లో నేను ఒక చిన్న టీమ్‌కి బ్యాటింగ్ కోచ్‌గా వెళ్ళాను. ఖాదర్ భాయ్‌ని తీసుకుంటేనే వస్తానన్నాను. అందరితో పాటు అతనికీ కాంట్రాక్ట్ రాయించాను. మొదటి రోజే డబ్బు సంగతి మాట్లాడుకోడానికి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. ప్లేయర్లు, ఫిజియో, కిట్‌లు మోసేవాళ్ళు, ఖాదర్ భాయ్. లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

చివర్లో "ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాను.

"బస్ డ్రైవర్‌ని పిలవలేదేం?" అన్నాడు ఖాదర్ భాయ్.

నేనే కిందికి దిగి వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను.

ఆ సీజన్ అందరికీ డబ్బులందాయి.

ఆనాడు హోటల్ రూమ్‌లో ఉన్నవాళ్ళు కొందరు ఈ పోస్ట్ చూస్తారు. తెలుగు రాకపోతే ఎవరిచేతైనా చదివించుకోండి. అతన్ని మనం అన్న మాట తప్పు. ఇది నేను అతను బతికుండగా రాయాల్సింది.

నిన్న సాయంత్రం మట్టి వేసి వచ్చాను. ఖాదర్ భాయ్ వాళ్ళమ్మాయి "శీను అంకుల్ మీరేనా? నాన్న ఎప్పుడూ మీ గురించి చెప్పేవాళ్ళు" అంది.

ఏం చెప్పేవాడో అడిగే ధైర్యం లేకపోయింది.

వెళ్ళిరా భాయ్. అల్లా నిన్ను తన నీడలో చల్లగా చూసుకోవాలి.