డోరిట్ తిరగరాసిన నివేదిక

డోరిట్ క్రాగ్ పంతొమ్మిదో ఏట డెన్మార్క్‌లో, ఉత్తర జూట్‌లాండ్‌లోని పందుల కబేళాలో చేరింది. తెల్ల బూట్లు తొడుక్కుని పద్నాలుగేళ్లు పంది భుజాలు కోసింది. మణికట్లు అరిగిపోయాక ఆఫీసులోకి మార్చారు. సాయంత్రాలు చదువుకుని నలభై దాటేసరికి సిబ్బంది విభాగానికి పెద్దయింది. కత్తి పట్టిన మనిషి పై అంతస్తులో కూర్చుందని కింద వాళ్లందరికీ గర్వం. ఎవరికి ఏ కష్టమొచ్చినా మెట్లెక్కి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఫిబ్రవరిలో కొస్తెల్ కుడిచేతి వేళ్లు రెండు రంపం కింద తెగిపోయాయి. అతను రొమేనియా నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. డోరిట్ పరుగున దిగి వెళ్లేసరికి తెల్ల పలకల గోడ మీద నెత్తురు మనిషెత్తున చిమ్మి ఉంది. రంపానికి ఉండాల్సిన ఇనుప కవచం బల్ల కింద పడి ఉంది. పని మందగిస్తోందని ఫోర్‌మన్ ప్రెబెన్ వారం కిందటే దాన్ని ఊడదీయించాడు. అంబులెన్స్ గేటు దాటకముందే గొట్టంతో నీళ్లు కొట్టి గోడ కడిగేశారు. గంటలో రంపం మళ్లీ తిరిగింది.

"కవచం సంగతి రాస్తే తనిఖీవాళ్లు తాళం వేసి పోతారు," అన్నాడు డైరెక్టర్ హోల్గర్. "నాలుగు వందల మంది ఇంటికెళ్లి కూర్చోవాలి. అందులో నువ్వెరిగినవాళ్లే సగం. ఆలోచించుకో డోరిట్."

ఆమె ఆలోచించింది. 'కార్మికుడి అజాగ్రత్త' అని రాసింది. ఆ మాట నిలబడాలంటే కొస్తెల్‌కి హెచ్చరిక పత్రం కూడా ఇవ్వాలి. ఇచ్చింది. అతనికి డేనిష్ చదవడం రాదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో వంకరగా సంతకం చేసి, "పనిలోంచి తీసెయ్యలేదు, చాలా థాంక్స్ మేడం," అన్నాడు. అక్కడ ఆమెను మేడం అనేది అతనొక్కడే. ఆ మధ్యాహ్నం డోరిట్ తెచ్చుకున్న రొట్టె డబ్బాలోనే ఉండిపోయింది.

అక్టోబర్‌లో కాఫీ విరామం అయ్యాక, సెలవుల పట్టిక అంటించడానికి ఆమె కిందికి వెళ్లింది. తల మీద గొలుసుకి వేలాడే కళేబరాలు కదిలిపోతున్నాయి. కొస్తెల్ ముందు నాలుగైదు భుజాలు పోగుపడ్డాయి. మూడు వేళ్ల చేత్తో కత్తి నిలవడం లేదు.

"ఏరా మూడువేళ్లోడా, నిద్రపోతున్నావా?" ప్రెబెన్ అరిచాడు.

"చేస్తున్నాను. కత్తి జారుతోంది."

"జారేది కత్తి కాదురా, నువ్వు! కుంటి సరుకంతా నా నెత్తికే చుట్టారు."

మాంసం లాగే ఇనుప కొక్కెం ప్రెబెన్ చేతిలో ఉంది. దాన్ని తిరగేసి పిడితో కొస్తెల్ చెవి మీద కొట్టాడు. కొస్తెల్ బల్లకి గుద్దుకుని కింద పడ్డాడు. ప్రెబెన్ బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. పక్కవాళ్లు తల వంచుకుని కోస్తూనే ఉన్నారు. డోరిట్ గోడకున్న ఎర్ర మీట నొక్కింది. గొలుసు కిర్రుమని ఆగిపోయింది.

"ఆపు ప్రెబెన్! చచ్చిపోతాడు!" అంటూ అతని చొక్కా పట్టుకుంది.

"పైకి పోయి కాగితాలు రాసుకో పో!"

వెనక్కి తిరుగుతూనే చెయ్యి విసిరాడు. కొక్కెం పిడి ఆమె దవడకి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఆమె తలలోనే వినిపించింది. మోకాళ్ల మీద కూలబడి, నోట్లోంచి రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్మింది.

కొస్తెల్ లేచాడు. ఎడమచేత్తో బల్ల మీది కత్తి అందుకుని ప్రెబెన్ తొడలో పిడిదాకా దించాడు. ప్రెబెన్ కేక వేసి వెల్లకిలా పడ్డాడు. కొస్తెల్ కత్తి లాగి ఈసారి గొంతుకి ఎత్తాడు. డోరిట్ పాక్కుంటూ వెళ్లి ఆ చేతిని రెండు చేతులతో వాటేసుకుంది. కత్తి ఆమె అరచేతిని చీల్చింది. వద్దు అందామనుకుంది, కానీ నోట్లోంచి నెత్తురే వచ్చింది. ఆమె ముఖం చూసి కొస్తెల్ కత్తి వదిలేశాడు. నేల మీద కూర్చుని ఏడ్చాడు.

ఆసుపత్రిలో ఆమె దవడలు తీగలతో కట్టేశారు. హోల్గర్ పూలగుత్తితో పాటు టైపు చేసిన కాగితం తెచ్చాడు.

"నేల తడిగా ఉంది, జారి పడ్డావు. కొస్తెల్‌కి పిచ్చెక్కి కత్తి తీశాడు. అంతే. సంతకం చేస్తే నీ జీతానికీ కుర్చీకీ ఢోకా లేదు."

డోరిట్ పలక అందుకుని రాసింది: 'కవచం ఎక్కడ?'

"ఏ కవచం?"

'ఫిబ్రవరిది.'

హోల్గర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కార్మిక సంఘం నాయకుడు ఎగాన్ వచ్చాడు. "ఆ ప్రెబెన్ గాణ్ణి మాత్రం వదలకు. అయితే కొస్తెల్ రెండోసారి కత్తెత్తిన సంగతి రాయకు తల్లీ. మొదటిది ఆత్మరక్షణ అనుకుంటారు, బయటపడతాడు. పక్కవాళ్లు నోరు విప్పరు, ప్రెబెన్ మాట ఎవరూ నమ్మరు. రెండోది నువ్వు చెప్తేనే కదా తెలిసేది."

కొస్తెల్‌కి తను బాకీ పడిన మాట నిజమే అనుకుంది డోరిట్. కానీ ఒకరి మేలు కోసమని ఒక వాక్యం మింగినందుకే కదా అతనికి ఆ దెబ్బలు పడ్డాయి. తల అడ్డంగా ఊపింది.

తనిఖీ శాఖకి ఏడు పేజీలు రాసింది. మొదటి పేజీలో, ఫిబ్రవరి నివేదిక అబద్ధమనీ, తెలిసే రాశాననీ ఒప్పుకుంది. తర్వాత ప్రెబెన్ కొట్టిన దెబ్బలు. ఆ తర్వాత కొస్తెల్ కత్తి, రెండుసార్లూ.

ప్రెబెన్‌కి ఏడు నెలలు జైలు పడింది. కొస్తెల్‌కి నాలుగు నెలలు. కంపెనీకి జరిమానా వేశారు, కొస్తెల్ వేళ్లకి పరిహారం ఇప్పించారు. తప్పుడు నివేదికకి డోరిట్ కూడా జరిమానా కట్టింది. ఉద్యోగం పోయింది. కబేళా మూడు వారాలు మూతపడింది. ఆ మూడు వారాలూ దుకాణంలో ఆమెను చూసి మొహం తిప్పుకున్నవాళ్లలో ఆమె పక్కన నిలబడి పద్నాలుగేళ్లు కోసినవాళ్లూ ఉన్నారు.

కొస్తెల్ విడుదలైన రోజు ఆమె బస్టాండుకి వెళ్లింది.

"ఆ ఒక్క మాట రాయకపోతే మీకేం పోయేది మేడం?" అని అడిగాడు.

"అది దాస్తే మిగతాదంతా కూడా నేను అల్లిందే అనేవాళ్లు."

"అననిద్దురు. మా అమ్మ పోయినప్పుడు నేను లోపలున్నాను."

"నీ వేళ్ల విషయంలో నన్ను క్షమించు," అంది.

"వేళ్ల సంగతి ఎప్పుడో మర్చిపోయాను," అని కొస్తెల్ సంచి అందుకున్నాడు. చెయ్యి కలపలేదు. బస్సెక్కి అటువైపు కిటికీ పక్కన కూర్చున్నాడు.

బస్సు మలుపు తిరిగేదాకా డోరిట్ నిలబడింది. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట కొత్త పని దొరికింది ఆమెకు. రెండింటికి అక్కడుండాలి. సైకిలెక్కింది.