తిరుగుటపా వదిన

మా వదినకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. తప్పు. ఆవిడ కోపం చేతుల్లో ఉంటుంది. నోరు విప్పి తిట్టదు, కళ్లెర్ర చేయదు. మీ చెత్త మీకు తెచ్చి ఇస్తుంది, అంతే. తిట్టినా బాగుండేదని తర్వాత అనిపిస్తుంది.

పుట్టింటివాళ్లది పాత సామాన్ల కొట్టు. ఇనుమూ, రాగీ, గాజూ వేరు చేసే ఇంట్లో పెరిగిన మనిషి. పెళ్లై మా ఇంటికి వచ్చిన కొత్తలో నేను ఉల్లిపొట్టూ ప్లాస్టిక్ సంచీ ఒకే బుట్టలో వేశాను. సాయంత్రానికి రెండూ నా దిండు పక్కన ఉన్నాయి.

"ఏంటి వదినా ఇది?"

"నీవే కదమ్మాయ్, జారిపోతే అందించాను" అంది, మొహంలో ఏ భావమూ లేకుండా.

ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త మంట కూడా.

ముగ్గురం పని చేసేది ఒకే చోట, పెద్ద భవనం కట్టేచోట. అన్నయ్య రంగుల మేస్త్రీ. నేను భవనం బయటి గోడకు బిగించిన సామాన్ల లిఫ్టు నడుపుతాను. వదిన కింద చెత్త యార్డు చూస్తుంది. ఉండేది ఆ స్థలం వెనకాలే, కంపెనీ వేసిన రేకుల ఇళ్లలో. తాగే నీళ్లు ఆ ఇళ్లన్నిటికీ కలిపి వేసిన బోరువి.

కంపెనీ పర్యావరణ నిర్వహణ వ్యవస్థ అని ఒకటి తెచ్చింది. ఆ పేరు పలికేలోపు నా లిఫ్టు రెండంతస్తులు ఎక్కుతుంది కాబట్టి మేం దాన్ని 'పద్ధతి' అంటాం. పద్ధతి ప్రకారం కాంక్రీటు పెచ్చులు ఒకచోట, ఇనుప ముక్కలు ఒకచోట, చెక్క ఒకచోట. రంగు డబ్బాలు, థిన్నర్ తుడిచిన గుడ్డలు, నూనె పీపాలు వేటికవి వేరుగా తాళం వేసిన గదిలో ఉండాలి. వాటిని తీసుకుపోవడానికి ప్రత్యేకంగా వేరే బండి రావాలి. ప్రతి అంతస్తుకూ ఒక చక్రాల తొట్టి ఇచ్చారు, దాని మీద ఆ అంతస్తు నంబరు వేశారు.

పద్ధతి మొదలైన రోజు ప్రాజెక్టు మేనేజరు, మేం పెద్దసారు అనే ఆయన, అందర్నీ ఎండలో నిలబెట్టి ఒక బోర్డు చదివాడు. 'చెత్త ఎవరు పుట్టించారో బాధ్యత వారిదే.' చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. తర్వాత ఆ బోర్డును నాలుగో అంతస్తులో తన ఆఫీసు తలుపు పక్కన తగిలించుకున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లం అందరం మర్చిపోయాం. వదిన మర్చిపోలేదు.

తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఒక్క తొట్టిలో అందరూ అన్నీ వేస్తారు కదా. ప్లంబర్ పైపు ముక్క, వడ్రంగి రంపపు పొట్టు, ఎవడో తాగేసిన సీసా. అలా కలిసిన తొట్టి కిందికి వస్తే వదిన మూత తీసి చూసి, మూత పెట్టి, మళ్లీ నా లిఫ్టులోకి తోసేది. "ఆరో అంతస్తుకి" అనేది. తిట్లు తినేది మాత్రం నేను. "మీ వదినకేం పోయేకాలం?" అని ఆరో అంతస్తువాళ్లు నా మీద ఎగిరేవాళ్లు. వాళ్లే ఆవిడకు తిరుగుటపా అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడ చెవిన పడింది. "బాగుంది, చిరునామా తప్పు పోదు" అంది.

ఒకసారి మా అన్నయ్య పని చేసే అంతస్తు తొట్టే తిరిగి వెళ్లింది. పనివాళ్ల ముందు తల కొట్టేసినట్టయి, ఆ రాత్రి అన్నం దగ్గర అరిచాడు.

"మొగుడినని కూడా చూడవా నువ్వు?"

"చూశాను. అందుకే తొట్టి పిడి తుడిచి పంపాను" అంది వదిన, అన్నం వడ్డిస్తూ.

నేను నవ్వు ఆపుకోలేక పొలమారి చచ్చాను. అయితే ఒక మాట చెప్పాలి. మెల్లమెల్లగా అంతస్తులన్నీ దారికొచ్చాయి. తిరిగొచ్చిన తొట్టిని వేరుచేసుకోవడం కన్నా ముందే వేరుగా వేయడం తేలికని మొండివాళ్లకూ అర్థమైంది. దారికి రానిది నాలుగో అంతస్తు ఒక్కటే.

రంగు డబ్బాలను తీసుకుపోయే బండికి ఖర్చెక్కువని, పెద్దసారు వచ్చే వారం, వచ్చే వారం అంటూ నెట్టుకొచ్చాడు. తాళం గది నిండింది. గది పక్కన టార్పాలిన్ కింద కూడా నిండింది. ఇంతలో ఆడిట్ వస్తోందన్నారు. బయటి నుంచి ఆడిటర్ వచ్చి పద్ధతి నిజంగా నడుస్తోందో లేదో చూస్తారు. ఇక చూడండి సందడి. బోర్డులకు కొత్త రంగు, మెట్లకు సున్నం. పైన పటారం, లోన లొటారం.

ఆడిట్‌కు ముందు రోజు వదినను గేటు దగ్గర సిమెంటు లోడు దింపించమని పంపేశారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి తాళం గది అద్దంలా ఉంది. బండి మాత్రం రాలేదు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆవిడ వాసన పట్టుకుని వెనక్కి నడిచింది. నేలకింది అంతస్తు గోడ వెనక, ఎలాగూ మట్టితో పూడ్చాల్సిన గొయ్యి ఉంది. అందులో పైపైన కొత్త మట్టి కప్పి ఉంది. దానికి పక్కనే మా బోరు.

ఇంటికొచ్చి చెంబుతో నీళ్లు ముంచి అన్నయ్య ముందు పెట్టింది.

"తాగండి. ఇవాళ్టికి బాగానే ఉన్నాయి."

అన్నయ్య చెంబు ముట్టుకోలేదు. ఒక్కసారిగా లేచాడు.

"పెద్దసారు చెప్పాడు, మా వాళ్లు వేశారు. వేయకపోతే రేపటి నుంచి రంగుల పని ఇంకొకడిది. నువ్వు నోరు విప్పితే నీ ఉద్యోగం పోతుంది, నా పని పోతుంది, ఈ రేకులు కూడా వాళ్లవే. ముగ్గురం సామాన్లతో రోడ్డు మీద నిలబడాలి. కొరివితో తల గోక్కోకు!"

"నేను నోరెప్పుడు విప్పాను?" అంది వదిన.

ఆవిడ అరిచి ఉంటే పడుకునేదాన్నే. అరవలేదు కాబట్టి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆడిటర్ వచ్చింది. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా బూట్లు, మాట తక్కువ మనిషి. పెద్దసారు ఆవిడను నేరుగా ఆఫీసుకు తీసుకెళ్లి టీ ఇచ్చి, కాగితాలు ముందు పరిచాడు. ఆ సమయానికి మా వదిన గోతిలో ఉంది. పారతో మట్టి తోసి, చేతి తొడుగులు వేసుకుని, గుడ్డలు పక్కకు తీసి, డబ్బాలు ఒక తొట్టిలోకి ఎత్తింది. తొట్టి మీద నంబరు చూశాను. నాలుగు.

లిఫ్టు దగ్గరకు తోసుకొచ్చేసరికి అన్నయ్య పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అవి నా మనుషులు వేసినవి. నాకివ్వు, నేనే చూసుకుంటాను."

"మీవైతే మీ అంతస్తుకే పంపేదాన్ని. మీకు తెలుసు" అంది.

ఆ మాట నిజమని అన్నయ్యకు తెలుసు. అందుకే ఆవిడతో కాక నాతో మాట్లాడాడు.

"మీట నొక్కావంటే నీకూ నాకూ మాటల్లేవు."

మమ్మల్ని అడిగే దిక్కు లేనప్పుడు నన్ను పెంచింది ఈ అన్నయ్యే. ఆయన మాటకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. కానీ పొద్దున్నే ఆ బోరు నీళ్లతోనే పళ్లు తోముకుని వచ్చాను. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దసారు మీద, అన్నయ్య భయం మీద, నా భయం మీద కూడా.

"తలుపు వదులన్నయ్యా. మూసుకోవాలి" అన్నాను.

అన్నయ్య పక్కకు జరిగాడు. తొట్టి చక్రం లిఫ్టు గుమ్మంలో ఇరుక్కుంది. వదిన తోస్తోంది, కదలదు. అన్నయ్య ఏదో తిట్టి, కాలెత్తి తొట్టిని ఒక్క తన్ను తన్నాడు. అది దూసుకుంటూ లోపలికి వచ్చింది. సాయం చేశాడో, కోపం తీర్చుకున్నాడో, నేను ఇప్పటికీ అడగలేదు. మీట నొక్కాను.

నాలుగో అంతస్తులో లిఫ్టుకు ఎదురుగానే ఆఫీసు, తలుపు తెరిచే ఉంది. వదిన తొట్టిని నెట్టుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ బోర్డు కింద ఆపి, మూత తీసింది. థిన్నర్ వాసన గదంతా కమ్మింది.

"ఎక్కడిది ఇది?" అంది ఆడిటర్.

"ఈ అంతస్తుదేనండి. దారి తప్పి మా బోరు పక్కకి వచ్చింది. తిరిగి తెచ్చాను."

పెద్దసారు దగ్గరకు వచ్చి, పళ్లు బిగించి, మెల్లగా అన్నాడు. నాకు వినపడింది, ఆడిటర్‌కూ వినపడే ఉంటుంది.

"ఈ పూటతో నీ పని సరి."

"సరే సార్" అంది వదిన. "పూట ఇంకా అవలేదు. అమ్మాయ్, లిఫ్టు దించు, కింద ఇంకా చాలా ఉన్నాయి."

ఆడిటర్ టీ కప్పు పక్కన పెట్టి, హెల్మెట్ తీసుకుని, ఎవర్నీ అడగకుండా వచ్చి లిఫ్టులో మా మధ్య నిలబడింది. పెద్దసారు వెనకాల ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను తలుపు మూశాను. బతుకు రోడ్డున పడిందని తెలుసు. అయినా మీట నొక్కాను.

కిందికి దిగి గోడ వెనక్కి నడిచాం. గోతిలో పార చప్పుడు వినిపిస్తోంది. లోపల అన్నయ్య ఉన్నాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని. పక్కన ఇంకో తొట్టి సగం నిండింది. తలెత్తి మా వంక చూడలేదు.

వదిన గోతి అంచున నిలబడి ఆ తొట్టిలోకి తొంగి చూసింది.

"డబ్బాల్లో గుడ్డలు కలిపేశారు" అంది. "తీయండి."