హార్బరు దుమ్మన్న గోడ

మా ఇంటి గృహప్రతిష్ఠ ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పినప్పుడు నేను ఒక్క గోడ సంగతి దాచాను. ఆ గోడ నా వెనకే ఉంది.

పాతపట్నంలో, హార్బరుకి దగ్గరగా, ఒకప్పుడు గోనెసంచులు నిల్వ చేసిన రెండంతస్తుల గోదాము అది. కూర్మన్నపాలెం నుంచి అందులోకి మారాలనుకున్నాం. కింద మా ఆవిడ కుట్టుమిషన్లు, పైన కాపురం. ఏసీ వద్దు, సిమెంటు వద్దు, పాత టేకు దూలాలే వాడదాం, వాననీళ్లు తొట్టిలో పట్టుకుందాం అని ఆవిడే పట్టుబట్టింది. స్టీలు ప్లాంటులో పనిచేసిన నాకు మొదట వింతగా ఉండేది, తర్వాత నాకూ అదే పిచ్చి పట్టింది. కప్పులో గాజు పెంకులు పెట్టిన రోజు పైనుంచి వెలుగు పడితే, ఇద్దరం దాని కింద చేతులు చాచి నిలబడ్డాం, కుళాయి కింద పిల్లల్లా.

గోడలకి సున్నం పూయడానికి ఆ పేటలోనే ఉండే ముసలి సాయిబు మేస్త్రీ ఒప్పుకున్నాడు. భీమిలి బట్టీ నుంచి సున్నం తెప్పించి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నానబెట్టాడు. వీధంతా పానకం వాసన, గుమ్మం నిండా చీమలు. తగరపువలస నుంచి మా బావమరిది చూడ్డానికొచ్చాడు.

"ఏటి బావా, ఇల్లు కడతన్నావా, అరిసెలు వండతన్నావా?"

"నాకి సూడు బాబూ," అన్నాడు మేస్త్రీ. "నాలిక కాలిపోద్ది."

బావమరిది పడీపడీ నవ్వి, భీమిలిలో తన పాత ఇంటి పని కూడా ఆయనకే ఇస్తానని మాటిచ్చాడు.

ప్రార్థన తేదీ అందరికీ చెప్పేశాం. ఒక్క గోడ మిగిలింది. సున్నానికి తొందర తెలీదు, నాకు తెలుసు. శుక్రవారం మేస్త్రీ నమాజుకి వెళ్లగానే త్వరగా గట్టిపడుతుందని రెండు తట్టల సిమెంటు ఆ సున్నం కుప్పలో కలిపేశాను. తిరిగొచ్చి తాపీ మీదకి తీసుకుని చూశాడు.

"ఏటి బాబూ, నల్లగా అయిపోనాది?"

"హార్బరు దుమ్ము పడింది," అన్నాను.

ఈ పేటలో ఆ మాటని ఎవరూ అనుమానించరు. ఆయన పూసేశాడు.

నా సాక్ష్యంలో దేవుడున్నాడు, మా ఆవిడ ఉంది, చీమలు కూడా ఉన్నాయి. అందరూ నవ్వారు. మేస్త్రీ చివరి వరసలో కూర్చుని నవ్వాడు. వానలు రాగానే ఆ ఒక్క గోడే అప్పడంలా పొంగింది. చెమ్మ బయటికి రావడానికి సిమెంటు దారివ్వలేదు. ఆయన వచ్చి నాకే క్షమాపణ చెప్పి, గోడంతా గీకి, కూలి తీసుకోకుండా మళ్లీ పూశాడు. బావమరిది తన మాట వెనక్కి తీసుకున్నాడు. నేను నోరు విప్పలేదు.

ఏడాది గడిచింది. మొన్న తొట్టికి పూత వెయ్యడానికి మేస్త్రీ వచ్చిన రోజే బావమరిదీ భోజనానికొచ్చాడు. ఎండన పడి వచ్చి, గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఎంత సల్లగుంది బావా. ఆ గోడ పొంగకపోతే నానూ ఇదే సేయించీవోణ్ణి."

మేస్త్రీ తల దించుకున్నాడు. అది చూడలేక మొత్తం చెప్పేశాను, తట్టల లెక్కతో సహా. మా ఆవిడ మిషను ఆపింది.

"హార్బరు దుమ్మన్నావు కద బాబూ," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "బట్టీవోడు సెడ్డ సున్నం పంపాడని, ఏడాదిగా ఆడితో మాటల్లేవు నాకు."

బావమరిదికి ముందు నవ్వొచ్చింది. తర్వాత మా ఆవిడకి. చివరికి మేస్త్రీకి ఎంత నవ్వొచ్చిందంటే గోడ పట్టుకున్నాడు.

"భీమిలి ఇల్లు ఎప్పుడు మొదలెడదాం మేస్త్రీ?" అన్నాడు బావమరిది. మేస్త్రీ ముందు బట్టీవాడికి ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు.

"మీ సున్నం మంచిదేనండీ, పాడుచేసింది నేను," అన్నాను ఫోనులో. ఆ తర్వాత దాన్ని కింద పెట్టి, ఆయన సున్నపు చేతులు రెండూ పట్టుకున్నాను.

"మీ పనివల్ల ఏ గోడా పాడవలేదు మేస్త్రీగారూ. తప్పు నాది, అబద్ధమూ నాదే. నన్ను క్షమించండి."