టేపు అత్తయ్య కొలతలు

టేపు అత్తయ్యకు లోకంలో ఎవరి కొలతలైనా కంటిచూపుతోనే తెలిసిపోతాయి, ఒక్క తన కొలతలు తప్ప. బస్సులో ముందు సీటు మనిషి వీపు చూసి భుజం ఎంతో చెప్పేస్తుంది. ఎవరింట్లోనైనా చంటిపిల్ల ఫోటో చూపిస్తే, "మెడ ఇంకో వేలెడు దించి కుట్టాల్సింది" అంటుంది. అంతటి మనిషి తన కోసం కుట్టుకున్న టాపు ఒక్కటంటే ఒక్కటి తనకు పట్టిన పాపాన పోలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టని మామయ్య అంటూ ఉంటాడు.

కొలత టేపు ఆవిడ మెడలోంచి దిగదు. ఆ మధ్య దగ్గు వస్తే ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు ఊపిరి చూడబోతూ, "ఆ టేపు తీసేయండమ్మా" అన్నాడు. అత్తయ్య ఆయన మెడలోని స్టెతస్కోపు వైపు చూసి, "మీది మీ మెడలో ఉంటే నేనేమైనా అన్నానా?" అంది.

ఆవిడ కుట్టేవి కూడా అలాంటిలాంటి టాపులు కావు. పాత ఫోటోల్లో కాలేజీ అమ్మాయిలు వేసుకునే రకం. గుండ్రటి కాలరు, బుట్టచేతులు, ముందు వరసగా సన్నటి కుచ్చిళ్లు, మెడ దగ్గర బొందుతో ముడి. జీన్స్ మీదైనా, పావడా మీదైనా ఇట్టే అమరిపోతాయి. "ఇప్పుడు షాపుల్లో అమ్మేవీ ఓ బట్టలేనా? గోనెసంచికి చేతులు పెట్టినట్టు!" అని తీసిపారేస్తుంది. వీటికి గుడ్డ కొనే అలవాటు కూడా లేదు. ఇంట్లో దేని మీద కన్ను పడితే దానికి కత్తెర పడుతుంది.

"స్నానాలగది కిటికీ పరదా ఏదే?" అని మామయ్య కేకేస్తాడు.

"నర్సమ్మ వేసుకుని డ్యూటీకి వెళ్లింది."

"నా నీలం గళ్ల చొక్కా?"

"మందుల షాపు కౌంటర్లో ఉంది. నిన్న అక్కడికే వెళ్లావుగా, చూడలేదా?"

"చూశాను. ఆ అమ్మాయిని ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను."

పరదా నర్సమ్మ ఒంటి మీదికి వెళ్లిన కథా ఎప్పుడూ జరిగే కథే. అత్తయ్య ముచ్చటపడి తన కోసం కుట్టుకుంది. వేసుకోబోతే చెయ్యి సగం దూరి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పక్కవాటా నర్సమ్మ మెట్లు దిగుతోంది. "చూడవే నా బతుకు! విప్పి కుట్టే ఓపిక లేదు. నువ్వు పట్టుకెళ్లి నా పరువు కాపాడు" అంది అత్తయ్య. నర్సమ్మ జాలిపడి తీసుకుంది. వేసుకుంటే అతికినట్టు సరిపోయింది. ఇప్పటికీ ఆవిడ, తానే అత్తయ్యకు ఉపకారం చేశాననుకుంటోంది.

అలాంటి ఇంటికి మేనకోడలు వచ్చి చేరింది. దగ్గర్లోని బ్యాంకులో ఉద్యోగం. పనిమంతురాలే గానీ, వంకర చూస్తే ఆ పిల్లకు నిద్ర పట్టదు. ఎవరింటికి వెళ్లినా గోడ మీద పటాలు సరిచేసి గాని కూర్చోదు. రెండు టాపులు అత్తయ్యకు బిగుతై, మూడోది వదులై చేతులు మారడం కళ్లారా చూసింది. ఇక లాభం లేదనుకుంది.

"అత్తయ్యా, నీ కొలతలు నేను తీస్తాను, ఇలా నిలబడు."

"వద్దే, కితకితలు!"

టేపు తగిలితే చాలు, మెలికలు తిరిగిపోతుంది. లేదా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఆ కొలతతో కుడితే మనిషి జీవితాంతం ఊపిరి బిగబట్టే తిరగాలి.

ఆ రోజుల్లోనే పైవాటాలో ఉండే అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. అమ్మమ్మా మనవరాలూ ఇద్దరే ఉంటారు. పుస్తకాల దుకాణంలో పని, సోమవారం చేరాలి. కానీ ఆ పిల్ల చేరేటట్టు లేదని వాళ్ల అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని బాధపడింది. "యూనిఫాం ఉంటే బాగుండేదట. మామూలు బట్టల్లో రమ్మన్నారట. ఆ మామూలు బట్టలే కదమ్మా లేనివి!" నిజమే. రోజూ సాయంత్రం మేడ మీద తీగ మీద ఒకే తెల్లచొక్కా ఆరుతూ ఉంటుంది. దాని కాలరు అరిగి దారాలు వేలాడుతుంటాయి. పోనీ ఇద్దామంటే ఆ పిల్లకు అభిమానం ఎక్కువ. ఒకసారి అత్తయ్య ఒక టాపు పంపిస్తే, "మాకున్నాయండీ" అని మడత నలగకుండా వెనక్కి పంపేసింది.

ఆ శుక్రవారం అత్తయ్య పాత దుప్పటి ఒకటి బల్ల మీద పరిచింది. లేత పసుపు మీద చిన్న చిన్న ఆకులు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. సుద్దతో గీతలు గీసి, "ఈసారి నాకు కుదిరి తీరుతుంది చూడు" అని కూరగాయలకు వెళ్లింది.

మేనకోడలు ఆ గీతలు చూసి తల పట్టుకుంది. ఆ నడుములో అత్తయ్య సగం కూడా పట్టదు! వెంటనే తడిగుడ్డతో గీతలన్నీ చెరిపేసింది. అంతకుముందు మధ్యాహ్నం అత్తయ్య గుర్రుపెట్టి నిద్రపోతుంటే చప్పుడు కాకుండా తీసిపెట్టుకున్న కొలతలు ఉండనే ఉన్నాయి. వాటితో కొత్త గీతలు గీసింది. కత్తెర చేతిలో పడితే అత్తయ్యకు గీత తప్ప లోకం కనపడదు. వచ్చింది, కత్తిరించింది, పాట పాడుకుంటూ కుట్టేసింది.

శనివారం సాయంత్రం వేసుకుని చూసుకుంది. టాపు భుజాల మీద కూర్చుంది. నడుము దగ్గర ఒదిగింది. గుండీలన్నీ పడ్డాయి. మామయ్య పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. డ్యూటీకి వెళ్తున్న నర్సమ్మ గుమ్మంలోంచే చప్పట్లు కొట్టి వెళ్లిపోయింది. మెట్లు దిగుతున్న పైవాటా అమ్మాయి కూడా ఆగి, "ఇన్నాళ్లకు కుదిరిందండీ అత్తయ్యగారూ!" అని నవ్వుతూ వెళ్లింది.

అత్తయ్య ముఖం మాత్రం మాడిపోయింది.

"బిగుతుగా ఉంది. ఊపిరాడటం లేదు" అంది.

"ఎక్కడ? పువ్వులా ఉంటేనూ!" అన్నాడు మామయ్య.

అత్తయ్య పొట్ట ఉబ్బించి చూసింది. గుండీ తెగలేదు. చేతులు పైకెత్తి చూసింది. కుట్టు పిగలలేదు. చివరికి కుర్చీలో కూలబడి మేనకోడలి వైపు చూసింది. "గీతలు మార్చావా?"

"నీకు సరిపోవాలని..."

"నాకు సరిపోతే ఆ పిల్ల సోమవారం ఏం వేసుకుని వెళ్తుందే?"

మేనకోడలి గుండెల్లో రాయి పడింది. పరదా నర్సమ్మకూ, గళ్ల చొక్కా మందుల షాపు అమ్మాయికీ అతికినట్టు ఎందుకు సరిపోయాయో అప్పుడు తెలిసింది. అత్తయ్య జన్మలో ఒక్క కొలత కూడా తప్పలేదు. చేతులు చాచనివాళ్లకు ఇవ్వడానికి ఆవిడకు తెలిసిన దారి ఇదొక్కటే. ఇంతటి మనిషికా తాను వంకర సరిచేయబోయింది? సిగ్గూ, ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇప్పుడు నాకు పట్టలేదంటే ఎవరు నమ్ముతారే? ఆ పిల్ల కళ్లారా చూసింది" అంది అత్తయ్య.

"నువ్వు పాడు చేశావంటే నమ్మరు. నేను పాడు చేశానంటే నమ్ముతారు. ఆ పిల్ల కొలతలు చెప్పు."

అత్తయ్య చెప్పింది. ఆదివారం పొద్దున్నే మేనకోడలు కుట్లన్నీ విప్పి, లోపలికి తీసి, మళ్లీ కుట్టింది. దాన్ని వీపు వెనక దాచుకుని, తేలు కుట్టిన దొంగలా మేడెక్కింది.

"అత్తయ్యకు ముఖం చూపించలేను" అంది తలుపు తెరిచిన అమ్మాయితో. "చంక దగ్గర చిన్న ముడత కనిపించింది. సరిచేద్దామని విప్పాను. ఒకవైపు తగ్గిస్తే రెండోవైపు ఎక్కువైంది. ఆ వైపు తగ్గిస్తే ఈ వైపు..."

"మరిప్పుడు?"

"ఇప్పుడిది అత్తయ్య మోచెయ్యి దాటదు. ఆవిడ చూసేలోపు దీన్ని ఇంట్లోంచి మాయం చేయాలి."

ఆ అమ్మాయి టాపు అంచు పట్టుకుని చూసింది. లోపలి నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "తీసుకోవే, పాపం ఆ పిల్లకు తిట్లు తప్పుతాయి!"

సోమవారం పొద్దున్న ఆ అమ్మాయి పసుపు టాపులో, మెడ దగ్గర ముడి వేసుకుని, తల ఎత్తుకుని మెట్లు దిగింది. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య వెంటనే ఇంట్లోకి తిరిగి, "బంగారంలాంటి టాపు తగలేశావు కదే! నీ చేతులు పడ!" అని వీధంతా వినిపించేలా అరిచింది. ఆ తిట్లు తింటూ మేనకోడలు ఆపుకోలేక నవ్వేసింది.

కొన్ని వారాలు గడిచాక ఆ అమ్మాయే గుడ్డ ముక్క ఒకటి పట్టుకుని కిందికి వచ్చింది.

"దుకాణంలో అందరూ ఈ టాపు ఎక్కడ కొన్నావని అడుగుతున్నారండీ. అలాంటివి నేనే కుట్టుకోవాలని ఉంది. నేర్పుతారా?"

"ఎందుకు నేర్పనూ! రా, కూర్చో."

ఆ అమ్మాయి కాస్త నసిగింది. "ఏమీ అనుకోకండి అత్తయ్యగారూ. కుట్టడం మీ దగ్గర నేర్చుకుంటాను. కొలతలు మాత్రం బయట ఎక్కడైనా నేర్చుకుంటాను."

లోపల మామయ్యకు పొలమారింది. మేనకోడలు గోడ వైపు తిరిగింది. అత్తయ్య మాత్రం తొణకలేదు, బెణకలేదు.

"అదే మంచిది తల్లీ. మా ఇంట్లో ఎవరికీ అవి రావు" అని, మిషను ముందు కుర్చీ లాగి ఆ పిల్లను కూర్చోబెట్టింది.